తెల్లచీర మడతల్లో ఇరవై మూడు వాసనలు

జనవరి 16, గురువారం

పంజాగుట్ట ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా ఊరందరి ఉచ్చా నెత్తురూ వాసన చూసిన ముక్కు ఇది. దీనికి ఒక్క మంచి వాసన చూసే యోగ్యత లేదా? లేదని ఎవరైనా అంటే వాళ్ల పేరు ఇక్కడ రాసి పెట్టుకుంటాను.

మధ్యాహ్నం చంద్రిక వేలెడంత గాజు సీసా ఒకటి తెచ్చి నా శాంపిల్ స్టాండులో గుచ్చింది. చంద్రిక మా దగ్గర రక్తం తీసే అమ్మాయి. వాళ్ల మరిది దుబాయ్ నుంచి పంపిన సెంటట. ఏమున్నాయో చెప్పమంది. మూత తీశాను. మిరియాలు, నారింజ తొక్క, అడుగున ఎక్కడో కొంచెం తారు. తను ఫోన్ తీసి ఆ సెంటు చేసినవాళ్లు రాసుకున్నది చదివింది. మూడూ ఉన్నాయి. షుగరు ముదిరిన మనిషిని స్ట్రిప్ ముంచకముందే వాసనతో చెప్పేదాన్ని, నాకిదో లెక్కా.

"నీ ముక్కు మస్తు పవర్ అక్కా. గీ ల్యాబ్‌ల పెట్టి ఖరాబ్ చేసుకుంటున్నవ్" అంది.

సాయంత్రం పంజాగుట్టలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, మధురానగర్ రైలు మారేలోపు నాలుగుసార్లు మణికట్టు వాసన చూసుకున్నాను. ఇంటి గేటు దగ్గర మాత్రం సీసాలో మంచినీళ్లతో కడిగేశాను. కింది వాటాలో అన్నయ్యా వదినా ఉంటారు. మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు నగ లేదు, పువ్వు లేదు, సెంటు లేదు. మా జీవానందం అన్నయ్య ఆ సంఘానికి ఒక పెద్ద.

భయపడి కడగలేదు. గొడవెందుకని కడిగాను.

జనవరి 21, మంగళవారం

చంద్రికకు దుబాయ్ వెళ్లాలని ఉంది, తోడు కావాలి. శుక్రవారం పొద్దున వెళ్లి ఆదివారం సాయంత్రం విమానం ఎక్కేయడం. శనివారమంతా సెంటు దుకాణాలు. మాల్‌లో అద్దాల వెనక సినిమా బొమ్మలు పెట్టి అమ్మేవి కాదు. సందుల్లో ఉండేవి, యజమాని తన చేత్తో తానే కలిపేవి. పేర్లన్నీ రాసి పెట్టుకుంది.

నాకు పాస్‌పోర్టు ఉంది. ఆరేళ్ల కింద యెరూషలేం యాత్రకని అన్నయ్యే దగ్గరుండి చేయించాడు. ఆ యాత్ర కుదరలేదు. పాస్‌పోర్టు బీరువాలో కొత్తగానే ఉంది.

జనవరి 22, బుధవారం

కొనను. వాసన చూసి వచ్చేస్తాను. చూడటంలో పాపమేముంది.

జనవరి 26, ఆదివారం

ఆరాధన అయ్యాక అన్నయ్యను లెటర్ అడిగాను. ఆదివారం ఇంకో ఊళ్లో ఉండాల్సి వస్తే మన సంఘం నుంచి సిఫారసు పత్రిక తీసుకెళ్లాలి. అది లేనిదే అక్కడివాళ్లు ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె పళ్లెం మన చేతికివ్వరు. ఒక్కవారం మానెయ్యరాదా అక్కా అని చంద్రిక అంటుంది. మానను. పదిహేడో ఏట బాప్తిస్మం తీసుకున్నాను, ఇప్పుడు నలభై అయిదు. అమ్మ పోయిన మర్నాడు ఆదివారమైతే ఆ ఆదివారం కూడా రొట్టె తిన్నాను. ఆ బల్ల దగ్గర చోటు ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు. అది నాది.

ఎవరింటికి వెళ్తున్నావని అడిగాడు. షార్జాలో కరుణశ్రీ ఇంటికి అన్నాను. కరుణశ్రీ మా చిన్నమ్మ కూతురు, చూసి పదేళ్లయింది. కరుణశ్రీ ఇంటికి కూడా వెళ్తాం, శనివారం సాయంత్రం టైం ఉంటే. కాబట్టి అది అబద్ధం కాదు.

అన్నయ్య కాసేపు నా మొహం చూసి సరే అన్నాడు.

ఫిబ్రవరి 1, శనివారం

లెటర్ వచ్చింది. అన్నయ్య దస్తూరీ ఇప్పటికీ అచ్చు కొట్టినట్టే ఉంటుంది. "మా సహోదరి లోయిస్ తన బంధువులను చూచుటకు మీ పట్టణమునకు వచ్చుచున్నది. ఈమె మా మధ్య మంచి పేరు కలిగినది. ఈమెను మీ సహవాసములో చేర్చుకొనగలరు." కింద మూడు సంతకాలు. మొదటిది అన్నయ్యది, తర్వాత ఇంకో ఇద్దరు పెద్దలవి.

టైం ఉంటే తప్పకుండా వెళ్తాం.

ఫిబ్రవరి 8, శనివారం, దుబాయ్

ఎనిమిది దుకాణాలు. ఇరవై మూడు వాసనలు. కాళ్లు పీకుతున్నాయి, అయినా రాయాలి.

మొదటి రెండూ పటాటోపం. గాజు బల్లలు, గుసగుసగా మాట్లాడే కుర్రాళ్లు. మూడోదాంట్లో ఒమన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ సాంబ్రాణి గడ్డలు గిన్నెల్లో పోసుకుని కూర్చుంది. రంగును బట్టి, ఏ కొండ మీద చెట్టో దాన్ని బట్టి వాటికి వేరువేరు పేర్లు. ఒక గడ్డ నోట్లో వేసుకుని నమలమంది. నమిలాను. చేదు, తర్వాత నిమ్మ, ఆ తర్వాత పెన్సిల్ చెక్కినప్పటి వాసన. నా మొహం చూసి ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకు రాదు. అరగంట కూర్చున్నాం.

అయిదో దుకాణంలో ఒక మలయాళీ అబ్బాయి చాలా గొప్పగా ఒక సీసా చూపించాడు. పూయగానే నాకు నవ్వాగలేదు. అయోడిన్, దూది, తడి గచ్చు. అచ్చంగా మా ల్యాబ్ రెండో అంతస్తు వరండా. దాన్ని పూసుకుని విందులకు వెళ్తారట. చంద్రిక అయితే ఇక్కడెందుకు, పంజాగుట్ట రమ్మను, ఫ్రీగా పీల్చుకుంటరు అంది.

అందరూ అడిగేది ఒకటే. మీకు ఏ జ్ఞాపకం కావాలి? తొలకరి వానా, అమ్మ వంటిల్లా, చిన్నప్పటి బడా? ఒకడైతే కళ్లు మూసుకోమన్నాడు. నేను మూసుకోలేదు. జ్ఞాపకాలు డబ్బిచ్చి కొనుక్కునే ఖర్మ నాకేంటి, మధురానగర్‌లో రెండు వాటాల నిండా ఉన్నాయి.

ఏడో దుకాణం ఒక టైలరు కొట్టు వెనక, మూడు మెట్లు దిగాలి. ముసలాయన ఏమీ అడగలేదు. నా చేయి చూసి, ఎక్కడ పూత లేదో అక్కడ, మోచేతి లోపల, గాజు పుల్లతో ఒక గీత గీశాడు. నా లెక్కలో పంతొమ్మిదోది. పచ్చిగా ఉంది. కోసిన కాడలా మొదలై, ఇనుములా చల్లబడి, చివరికి పేరు తెలియని వెచ్చదనం. వెతికాను. ఇది అమ్మ కాదు, అన్నయ్య కాదు, ల్యాబ్ కాదు, మందిరం కాదు. నాకు ఎవర్నీ గుర్తు చేయలేదు. నలభై అయిదేళ్లలో మొదటిసారి నా ఒంటి మీద నేను తప్ప ఎవరూ లేరు.

కొన్నాను. కొననని రాసుకున్నదీ నేనే, కొన్నదీ నేనే.

దుకాణాల్లో సెంటు చల్లి ఇచ్చే కాగితపు చీలికలన్నీ దాచాను. ఒక్కోదాని మీద నంబరు, దుకాణం, టైము రాశాను, ల్యాబ్‌లో శాంపిల్‌కు రాసినట్టే. నలగకుండా బ్యాగులో, రేపటి ఆరాధనకు తెచ్చుకున్న తెల్లచీర మడతల్లో వరసగా పేర్చాను. ఫైలింగ్ చేస్తున్నవా అక్కా అని చంద్రిక ఏడిపించింది.

షార్జా వెళ్లలేదు. టైం లేకపోయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం, ఎయిర్‌పోర్టు

నా అంత తెలివితక్కువది ఇంకోతి ఉండదు. ల్యాబ్‌లో ఇంకెవరైనా ఈ పని చేస్తే కడిగి ఆరేసేదాన్ని. ఇరవై మూడు శాంపిళ్లూ రాత్రంతా చీరలోకి దిగాయి. స్నానం చేశాను, చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దాను, తర్వాత ఆ చీరే కట్టుకుని వెళ్లాను. నా ముక్కు అప్పటికే అలిసిపోయి ఉంది, నాకేమీ తెలియలేదు.

నాలుగో అంతస్తులో అద్దె హాలు. అరవై మందిదాకా తెలుగువాళ్లు. తెల్ల ముసుగులు వేసుకున్న ఆడవాళ్ల మధ్య కూర్చోగానే ముందు వరస మొత్తం ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగారు. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది. లేచి పోదామనుకున్నాను. పోలేదు.

సూర్యనారాయణ అనే బ్రదర్ లేచి నా లెటర్ పైకి చదివాడు. బంధువులను చూచుటకు. మంచి పేరు కలిగినది. అన్నయ్య రాసిన మాటలు పరాయి గొంతులో వినడం... సరే, అది వదిలేద్దాం.

లెటర్ చదివారు కాబట్టి పళ్లెం ఇవ్వక తప్పలేదు. తిన్నాను.

గుమ్మం దగ్గర ఆ సూర్యనారాయణ గారు ఆపి, బంధువులు ఎక్కడుంటారు సిస్టర్ అని అడిగారు. వాళ్లింటికి వెళ్లలేదన్నాను. మరి ఈ వాసన ఏంటి అన్నారు. గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకోలేదు. సెంటు దుకాణాలు చూడటానికి వచ్చానండి, ఎనిమిది చూశాను అని చెప్పాను.

ఫిబ్రవరి 12, బుధవారం

సూర్యనారాయణ గారు అక్కడినుంచి రాఘవయ్య గారికి ఫోన్ చేశారు. రాఘవయ్య గారు మా పెద్దలందరిలోకీ పెద్ద. నిన్న పెద్దలు ముగ్గురూ కూర్చున్నారు. ఈరోజు అన్నయ్య మెట్లెక్కి పైకొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

సంఘం ముందు నిలబడి, సెంటు పూసుకోవడం పాపమని ఒప్పుకునేదాకా నన్ను బల్లకు దూరం పెట్టారు. మార్చి రెండు వరకు గడువు.

"ఒక్క మాట, లోయిస్. తప్పయిందని ఒక్క మాట చెప్పి కూర్చో. మిగతాది నేను చూసుకుంటాను."

ఏ తప్పు అని అడిగాను. అన్నీ కలిపి అన్నాడు. షుగరూ కొలెస్టరాలూ కలిపి ఒకే అంకె రాసిస్తే ఏ డాక్టరు ఒప్పుకుంటాడు అన్నాను. అన్నయ్యకు నవ్వు రాలేదు. షార్జా సంగతి మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

నాకేం బాధ లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పూసుకునే వెళ్లాను. ఒక్క చుక్క. కాదు, రెండు.

బల్లకు దూరమైనవాళ్లు ఆఖరి బెంచీలో కూర్చోవాలి. పసిపిల్లల తల్లులూ, కొత్తగా వచ్చి చూసిపోయేవాళ్లూ అక్కడే ఉంటారు. పళ్లెం మా ముందు బెంచీదాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. ఎంత దూరమో కొలిచాను. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. పక్కన ఒక చంటిపిల్ల నా మోచేయి పట్టుకుని వాసన చూసి, మళ్లీ చూసింది. ఈ సంఘంలో బుద్ధున్నది దానికొక్కదానికే.

నాకేం బాధ లేదు. మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎండలు అప్పుడే ముదిరాయి.

ఫిబ్రవరి 19, బుధవారం

చంద్రిక తనవల్లే ఇదంతా అని రెండురోజుల నుంచి మొహం వేలాడేసుకుని తిరుగుతోంది. ఈరోజు సలహా ఇచ్చింది. "ఇంకో చర్చికి పో అక్కా. అమీర్‌పేటల చర్చిలు తక్వనా? గాడ మంచిగ పౌడరు, సెంటు, లిప్‌స్టిక్ సుత పెట్టుకోని వస్తరు."

నిజమే, చాలా ఉన్నాయి. ఎవరూ ఏమీ అనరు. కానీ నేనెందుకు పోవాలి? అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న హాలు అది. అక్కడి పాటలన్నీ నాకు పుస్తకం లేకుండా వచ్చు. ఇల్లు నాదైనప్పుడు ఇరుగుపొరుగు ఇళ్లు ఎంత బాగుంటే నాకేంటి. ఇదంతా చంద్రికకు చెప్పలేదు. రిపోర్టులు లేటవుతున్నాయి, పద అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళా పళ్లెం మా ముందు బెంచీ నుంచే తిరిగింది.

సాయంత్రం లీలాకుమారి వదిన కొరమీను పులుసు గిన్నెతో పైకొచ్చింది. వదిన పులుసు తెచ్చిందంటే ఏదో ఉందన్నమాటే. నేను తినేదాకా ఆగి అప్పుడు చెప్పింది. వచ్చే ఆదివారం నేను ఒప్పుకోకపోతే అన్నయ్య పెద్దరికం వదులుకోవాలట. ఇంట గెలవనివాడు రచ్చ గెలుస్తాడా అని రాఘవయ్య గారు అందరి ముందూ అన్నారట. సొంత చెల్లెల్ని దిద్దుకోలేనివాడు సంఘాన్నేం దిద్దుతాడు అని. ముప్పై ఏళ్ల నుంచి ఆదివారం రొట్టె విరిచి పంచుతున్న చెయ్యి అన్నయ్యది.

"నీ ముక్కు కోసం మీ అన్నయ్య తల దించుకోవాలా?" అంది వదిన.

నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద కోపముంటే నన్ను శిక్షించాలి, ఆయన్నెందుకు? అంటే వాళ్లకు తెలుసు, నేను దేనికి లొంగుతానో. నాన్న పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. కాలేజీ ఫీజు, హాస్టలు, మొదటి తెల్లకోటు, అన్నీ అన్నయ్యే. ఆయన ఏనాడూ ఎత్తిచూపలేదు. ఎత్తిచూపే మనిషైతే ఈ రాత్రే లెక్క తేల్చేసేదాన్ని. ఇదే చిక్కు.

ఫిబ్రవరి 24, సోమవారం

చెప్పేస్తాను. ఒక్క మాటే కదా.

ఫిబ్రవరి 25, మంగళవారం

చెప్పను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

లంచ్‌లో కాగితం మీద రాసి చూసుకున్నాను. "నేను సెంటు పూసుకుని పాపం చేశాను." నాలుగుసార్లు చదివాను. నోరు తిరగడం లేదు. దేవుడు ముక్కు ఇచ్చాడు, ఆ సాంబ్రాణి చెట్టునూ ఆయనే ఇచ్చాడు, రెంటినీ కలపడం పాపమని అదే దేవుడి ముందు నిలబడి చెబితే అసలైన అబద్ధం అది.

అబద్ధం అని రాశాను కాబట్టి ఇది కూడా రాయాలి.

షార్జాకు టైం ఉంది. ఆ శనివారం ఆరింటికల్లా దుకాణాలు అయిపోయాయి. హోటల్‌కు వచ్చి, మంచం మీద చీలికలు పరుచుకుని, టీ తాగుతూ తొమ్మిదిదాకా కూర్చున్నాం. కరుణశ్రీకి ఫోన్ కూడా చేయలేదు. వెళ్లాలని నాకు మొదట్నుంచీ లేదు. అన్నయ్య మొహం చూసి చెప్పిన మాట అది. ఆ మాట కింద ఆయన చేతే సంతకం పెట్టించాను.

మార్చి 2, ఆదివారం

పేరు పిలిచారు. లేచాను.

ఇలా చెప్పాను: "నేను సెంటు పూసుకున్నాను. అది పాపమని నా మనస్సాక్షి చెప్పడం లేదు, కాబట్టి నేను చెప్పలేను. కానీ బంధువుల ఇంటికని మా అన్నయ్యకు అబద్ధం చెప్పి లెటర్ రాయించుకున్నాను. ఆ అబద్ధం మీద ముగ్గురు పెద్దలు సంతకం పెట్టారు, ఇంకో సంఘం దాన్ని నమ్మి నాకు రొట్టె ఇచ్చింది. దానికి మా అన్నయ్యనూ, మీ అందర్నీ క్షమించమని అడుగుతున్నాను."

మిగతా సగం కూడా చెప్పమ్మా అన్నారు రాఘవయ్య గారు. మిగతా సగం లేదండి అన్నాను. సగం ఒప్పుకోలు ఒప్పుకోలు కాదన్నారు. కూర్చున్నాను.

అన్నయ్య ముందు కుర్చీలో తల వంచుకుని ఉన్నాడు. ఒక్కసారైనా తల ఎత్తుతాడేమోనని చూశాను.

పళ్లెం రాలేదు. ఇవాళ బాధేసింది. ఆ సంగతి ఎన్నాళ్లని దాచను. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా ఏడ్చాను. ఏడ్చినంత మాత్రాన ఆ మిగతా సగం ఉన్నట్టు కాదు.

మార్చి 5, బుధవారం

అన్నయ్య పైకి రాలేదు. పొద్దున గేటు దగ్గర ఎదురుపడితే, ఎండగా ఉంది గొడుగు తీసుకెళ్లు అన్నాడు. అంతే.

మార్చి 9, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

రాఘవయ్య గారు అన్నయ్య పెద్దరికం సంగతి ప్రకటించడానికి లేచారు. ఆయన నోరు విప్పకముందే అన్నయ్య లేచి, ఒక్క నిమిషం అన్నాడు. ముప్పై ఏళ్లుగా మందిరంలో ఆయన గొంతు వింటున్నాను, అంత చిన్నగా ఎప్పుడూ లేదు.

"లెటర్ రాయకముందు నేను కరుణశ్రీకి ఫోన్ చేశాను. మా ఇంటికి ఎవరూ రావడం లేదు అన్నయ్యా అంది. లోయిస్ నాతో చెప్పింది అబద్ధమని తెలిసే రాశాను. ఇన్నేళ్లలో నా చెల్లెలు నన్ను ఏదీ అడగలేదు. ఒక్కసారి వెళ్లి రానిద్దాం అనుకున్నాను. పోయిన ఆదివారం ఆమె లేచి నా తప్పు కూడా తన నెత్తిన వేసుకుంటే నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆమె తినని రొట్టె నేను ఈ చేత్తో ఎలా పంచుతాను?"

తర్వాత బైబిలు మూసి చంకలో పెట్టుకుని నడవ వెంట వెనక్కి వచ్చాడు. మగవాళ్ల వైపు ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ముందు వరసలో వదిన కొంగు కళ్లకు అద్దుకోవడం నాకు వెనకనుంచి కనిపించింది. ఇవాళ రొట్టె రాఘవయ్య గారే విరిచారు. పళ్లెం అటువైపూ ముందు బెంచీ నుంచే తిరిగింది, ఇటువైపూ ముందు బెంచీ నుంచే తిరిగింది. అన్నయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను మూసుకోలేదు. ఆయన్నే చూస్తూ ఉన్నాను.

బయట మెట్ల దగ్గర రాఘవయ్య గారు మమ్మల్ని ఆపారు. మనిషి చెడ్డవాడు కాదు, ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. జీవానందం, మీ చెల్లెలి చేత ఆ మిగతా సగం చెప్పించు, వచ్చే వారమే ఇద్దర్నీ మళ్లీ బల్ల దగ్గరికి తీసుకుంటాం అన్నారు.

అన్నయ్య నా వైపు చూడను కూడా లేదు.

"ఆమె చెప్పాల్సింది చెప్పేసిందండీ. ఇక మీరు ఆలోచించుకోండి" అన్నాడు.

పది గంటల ఆరాధనకు తొమ్మిదిన్నరకే వెళ్లడం అన్నయ్య అలవాటు. వచ్చే ఆదివారం కూడా తొమ్మిదిన్నరకే వెళ్తాం, ఆ ఆఖరి బెంచీలకే.